పందొమ్మిది అంశములలో లేని ఉష్ణోగ్రత

శస్త్రచికిత్సలలో జరుగు పొరపాట్లను నివారించుటకై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఒకే పుట గల తనిఖీ పట్టికను వెలువరించినది. మత్తు ఇచ్చుటకు ముందు, కోతకు ముందు, రోగి ఆపరేషను గదిని విడుచుటకు ముందు సరిచూడవలసిన 19 అంశములు ఇందులో కలవు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరముల ఆసుపత్రులలో దీనిని అమలు జరుపగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో ప్రకటించిరి. ఒక్క కాగితము ఇంత మేలు చేయుట మెచ్చదగినదే. కాని ఆ 19లో రోగి శరీరోష్ణోగ్రత లేదు. మన్యమునకు ఇది చిన్న లోపము కాదు.

అనంతగిరి మండలములోని బొర్రా సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది. సమీపముననే ఉన్న అరకు లోయలో శీతకాలపు రాత్రులు 10 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువకు పోవుట కలదు. అట్టి చోట వెచ్చచేయని సెలైను సీసా 20 డిగ్రీల వద్ద ఉండుట వింత కాదు.

ఆ సెలైను ఏమి చేయునో విద్యార్థులు లెక్క కట్టవచ్చును. ఒక లీటరును 20 నుండి 37 డిగ్రీలకు పెంచుటకు సుమారు 71 కిలోజౌళ్ల ఉష్ణము కావలెను. ఈ ఉష్ణము రోగి దేహము నుండియే రావలెను. కిలోగ్రాము దేహమును ఒక డిగ్రీ పెంచుటకు 3.5 కిలోజౌళ్లు పట్టును. కనుక 70 కిలోల మనిషి పావు డిగ్రీకి కొంచెము పైగా చల్లబడును; 40 కిలోల బక్కపలుచని స్త్రీ అర డిగ్రీ చల్లబడును. అదే సీసా బలహీనులకు ఎక్కువ హాని చేయునన్నమాట.

దీనికి తోడు మత్తుమందు చర్మములోని రక్తనాళములను వదులు చేయును. లోపలి వేడి కాళ్లు చేతులకు ప్రాకును. మొదటి గంటలోనే లోపలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పడిపోవచ్చును. మెలకువలో నున్నవాడు వణకి వేడి పుట్టించుకొనును; మత్తులో నున్నవానికి ఆ రక్షణ లేదు. చలికి రక్తము గడ్డకట్టుట మందగించును. జ్వరము చూచు పాదరసపు థర్మామీటరు ఇచట పనికిరాదు. దాని కొలత 35 డిగ్రీల వద్దనే మొదలగును. అన్నవాహికలో ఉంచు సన్నని ఉష్ణమాపకము కావలెను.

పట్టిక పక్షమున ఒక వాదన కలదు. 1996లో వెలువడిన పరిశోధనలో, ప్రేగు శస్త్రచికిత్స జరిగిన 200 మందిలో చల్లబడినవారికి నూటికి 19 మందికి, వెచ్చగా ఉంచినవారికి 6గురికి గాయము చీము పట్టినది. కాని 2022లో 5,000 మందికి పైగా రోగులపై జరిగిన పరిశీలనలో 35.5 డిగ్రీల వద్ద ఉంచినవారికీ, 37 వద్ద ఉంచినవారికీ గుండె దెబ్బతినుటలో, మరణములలో చెప్పుకోదగిన తేడా కానరాలేదు. కావున 37 కొరకు పట్టుపట్టనక్కరలేదు. అయితే 35.5 వద్ద ఆపుటకైనను కొలువక తప్పదు గదా! పల్స్ ఆక్సీమీటరును కోరిన పట్టిక ఉష్ణమాపకమును కోరుట అధికభారము కాజాలదు.

దేనిని కనిపెట్టి ఉండవలెనను చర్చ తెలుగువారికి క్రొత్త కాదు. 1889లో హైదరాబాదున నిజాము వ్యయముతో జరిగిన రెండవ క్లోరోఫాం కమిషను, శ్వాసనే గమనించిన చాలునన్న ఎడ్వర్డు లారీ మతమును బలపరచినది. తేలికపాటి మత్తులోనే గుండె హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించినాడు. చూడని ప్రమాదము లేని ప్రమాదము కాదు.

స్థానిక అవసరములను బట్టి అంశములు చేర్చుకొనవచ్చునని ఆ పట్టిక అడుగుననే ఉన్నది. కొండ ఆసుపత్రులు ఇరువదవ ప్రశ్నగా దీనిని వ్రాసికొనవలెను: "రోగి ఉష్ణోగ్రత ఎంత? వెచ్చదనమునకు ఏర్పాటు ఏమి?" మత్తుకు ముందు ఒకసారి, ఆపై అరగంటకొకసారి కొలత, వెచ్చని సెలైను, కప్పుటకు దుప్పటి, వీలైనచో వేడిగాలి పరుపు — ఇవి ఆ ప్రశ్నకు జవాబులు.