మాయను మోసిన చేతులు

శిశువు నేలబడినంత మాత్రమున కాన్పు ముగిసినదని తెలుగునాట ఏ మంత్రసానియు అనలేదు. మాయ పడువరకు ఆమె బొడ్డు కోసెడిది కాదు, ఇంటిల్లిపాదియు కుదుటపడెడివారు కారు. ఆ నిరీక్షణమును నేటి వైద్యమును కొంత మెచ్చుచున్నది: బొడ్డుకోత కొకనిమిషమైనను ఆగుడని, ఆ లోపల బిడ్డకు మరికొంత రక్తము చేరునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మాయ జాగుచేసినచో బాలెంత జుట్టునే ఆమె నోటిలో పెట్టి ఓకరింపజేయుట సానుల యుపాయము. మోటుగా దోచు నీ పద్ధతియే, కేశములతో కంఠమును తాకుమను రూపమున, చరకసంహిత శారీరస్థానమునను కలదు. ఓకరింతకు పొట్ట బిగిసి మాయ జారునని దాని తర్కము. రక్తస్రావ మాగనప్పుడు మాత్రము ఆ తర్కముపై ఆధారపడరాదు. ఆక్సిటోసిన్ సూదియు ఆసుపత్రియు కావలయును.

పడిన మాయను కుండలో పెట్టి, ఉప్పును వేపాకును చేర్చి, కుక్కలు త్రవ్వలేనంత లోతున పెరటిలో పాతెడివారు. కుక్క ముట్టినచో బిడ్డకు కీడని భయము. చిత్రమేమనగా, అథర్వవేద ప్రథమకాండమునందలి సుఖప్రసవ సూక్తము జరాయువును, అనగా మాయను, కుక్క తినుటకే దిగిరమ్మని పిలుచుచున్నది! ఈ విషయమున నాకు పల్లెయే వివేకవతిగా దోచును.

హైదరాబాదు అబిడ్సు అపార్టుమెంట్లలో పెరడెక్కడిది? ఇక మాయకు ఆసుపత్రియే దిక్కు. నాంపల్లి స్టేషను దాటి రెడ్‌హిల్సు వైపు నేను తరచుగా నడచు త్రోవలో, తన పరిచారిక ప్రసవవేళ మరణించినందుకు కలతనొందిన నీలోఫర్ రాకుమారి పూనికతో వెలసి, 1953లో తెరువబడిన ఆసుపత్రి యున్నది. ఇప్పుడు ఏ ఆసుపత్రిలోనైనను మాయ చేరవలసినది పసుపుపచ్చని సంచిలోనికే. 2016 నాటి జీవవైద్య వ్యర్థముల నిబంధనల ప్రకారము దానిని కాల్చవలయును, ఆ వసతి అందని మారుమూల పల్లెలలోనైతే లోతుగా పాతవచ్చును.

మాయను అంత శ్రద్ధగా పాతించిన గృహస్థులు దానిని పట్టిన చేతిని మాత్రము గడప వెలుపలనే నిలిపిరి. మంగలి, చాకలి, దళిత కులముల స్త్రీలే పెక్కుచోట్ల బొడ్డుకోసి, మైలబట్టలుతికి, కొలిచిన గింజలో పాతచీరయో పుచ్చుకొని వెడలిరి. సంచిని మోయు నేటి కార్మికురాలికి హెపటైటిస్-బి, ధనుర్వాతముల టీకాలు వేయించవలెనని ఆ నిబంధనలే శాసించుచున్నవి. సంచి రంగును సరిచూచు అధికారులు ఆ టీకాల చిట్టాను గూడ తెప్పించుకొని చూడవలయును.