వాచకంలో ఒక పాఠం

మొన్నొక రాత్రి భోజనాలయ్యాక మా ఆవిడ ఉన్నట్టుండి ఓ ప్రశ్న వేసింది. "ముప్ఫై ఏళ్ళుగా పుస్తకాల మీద రాస్తున్నారు గదా! ఆ పుస్తకాలు చదివి ఎవరైనా ఒక్క చెడ్డ అలవాటు మానారంటారా?"

సిగరెట్టు వెలిగించబోతున్నవాణ్ణి ఆగిపోయాను. "ఎందుకు మానలేదూ? గురజాడవారి 'కన్యాశుల్కం' లేదుటే!" అన్నాను కాస్త దర్పంగానే.

"అది చూసి పిల్లనమ్మడం మానేసినవాడి పేరొకటి చెప్పండి, చాలు."

చెప్పొద్దూ, నోరు పెగల్లేదు.

సంఘసంస్కరణ కోసమే ఆ నాటకం రాశానని గురజాడవారే చెప్పుకున్నారు. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చువేశారు, 1909లో ఇంచుమించు కొత్త నాటకంలా తిరగరాశారు. అంత గొప్ప రచనా మనకేం మిగిల్చిందయ్యా అంటే, ముందుగా నోటికొచ్చేది గిరీశం కబుర్లు. బుచ్చమ్మ దుఃఖం ఆ తరవాతే. లుబ్ధావధాన్లను చూసి కడుపుబ్బ నవ్వినవాడు పక్కింటాయన్ని తలుచుకుంటాడు గాని అద్దంలో చూసుకోడు. ఇది నాటకంలో లోపం కాదు. ఆ నవ్వులో మనం తప్పించుకునే దారొకటి ఉందంటున్నాను, అంతే.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తుంటే మరో రచన గుర్తుకొచ్చింది. దాన్ని నేనెన్నడూ సమీక్షించలేదు. నాకు తెలిసి నాబోటి విమర్శకులెవరూ దాని జోలికి పోలేదు. అది నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నాటి వయోజన వాచకంలో ఒక పాఠం. పేరు 'సీతమ్మ కథ'. సారా వల్ల గుల్లయిన బతుకుల సంగతి. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్ళు ఆ పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. ఊళ్ళో సారా అమ్మకం కట్టిపెట్టించారు. వాళ్ళ ముందు నిలిచిన రోశమ్మ పేరు తరవాత రాష్ట్రమంతా తెలిసింది.

వాచకంలో పాఠానికి ఇంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది?

నాకు తోచింది చెబుతాను, చిత్తగించండి. వాచకం రాసేవాడికి అలంకారాలు చేసుకునే వీల్లేదు. చదివేవాళ్ళు నిన్నగాక మొన్న అక్షరాలు దిద్దినవాళ్ళు. మాట చిన్నదై ఉండాలి, వాక్యం ఊపిరి సలిపేలోగా ముగియాలి. పైగా వాళ్ళు మనలా పడక్కుర్చీలో కూర్చుని మనసులో చదువుకోరు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదువుతారు. "సా... రా..." అని ఒకామె అంటుంటే చుట్టూ ఉన్న పదిమందీ వింటారు. ఇన్నాళ్ళూ ఎవరింట్లో వాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని దాచుకున్న సంగతి అచ్చులో అందరి ముందుకీ వచ్చేసింది. ఇక పక్కింటి మీదికి నెట్టి నవ్వడానికి దారేదీ?

అసలు గొప్ప ఆ తరవాతిది. దూబగుంట ఆడవాళ్ళు చేసిన పనే 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే పాఠమై వాచకంలోకి ఎక్కింది. మొదటిది కథ, రెండోది జరిగిన సంగతి. విమర్శకుడిగా నా ఓటు రెండో దానికే. సీతమ్మ కోసం అయ్యో అనుకుని ఊరుకోవచ్చు. మనలాంటి ఊళ్ళోనే మనలాంటి వాళ్ళే చేశారంటే, మనమెందుకు చెయ్యలేదన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. 1992లో జిల్లా అంతటా ఆడవాళ్ళు సారా వేలంపాటలకు అడ్డుపడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలయింది.

అంతా పాఠం మహిమే అంటే అతిశయోక్తి. కూలిడబ్బులు సారా కొట్టుకు పోతుంటే చూసి చూసి విసిగిన గుండెలు అంతకుముందే సిద్ధంగా ఉన్నాయి. ఎండు కట్టెలున్న చోట నిప్పురవ్వ పడింది. తడి కట్టెల మీద మహాకావ్యం పడ్డా పొగే వస్తుంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. శాసనంలో రాసిన మాటను మరో శాసనం కొట్టేసింది. కాని సంతకం నేర్చిన ఆడమనిషి మళ్ళీ వేలిముద్రకు పోదు గదా! ఆ పాఠం చేసిన పనిలో చెరగనిది ఇదేననుకుంటాను.

తెల్లారి కాఫీ తాగుతూ ఇదంతా మా ఆవిడకు చెప్పాను. శ్రద్ధగానే వింది.

"బాగుంది. ఇది రాయండి. రాశాక మీరే పైకి చదవండి, నేను వింటాను" అని, నా సిగరెట్టు పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

రాయడం అయింది. పైకి చదవడమే మిగిలింది.