కంటికి కట్టినదే శాసనము: ‘ఎకోక్రోమ్’ ఆటపై ఒక విమర్శ

మన సంఘము వెలువరించు ఈ ప్రత్యేక సంచికకు ఏదేని విమర్శవ్యాసము వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరినపుడు, బళ్లారి రాఘవగారి ఊరివాడను గావున నాటకమును గూర్చి వ్రాయుదునని వారు తలచియుందురు. నేను వ్రాయబోవునది ఒక వీడియో ఆటను గూర్చి. ఆటపై విమర్శయేమని కొందరు నవ్వవచ్చును. మన పెద్దలు నాటకమును గూడ ఆట యనియే పిలిచెడివారు గదా! తోలుబొమ్మలాట, వీథిభాగవతుల ఆట అన్నపుడు లేని చిన్నతనము దీనికేల రావలయును? ముప్పదియైదేండ్లు కచేరిలో గుమాస్తాగిరి చేసినవాడను, యస్.యస్.యల్.సి.తో చదువు చాలించినవాడను. కళాశాస్త్రములు నే నెరుగను. చూచినది చూచినట్లు మనవి చేయుదును.

ఆట నాచేతికి వచ్చిన విధము ముందు చెప్పవలెను. గత వేసవికి ముందు నా యెడమకంటికి శుక్లము తీసిరి. కుడికంటి వంతు ఇంకను రాలేదు. దానికి లోకమంతయు గంజినీళ్లలో ముంచినట్లుండును. వార్తాపత్రిక పట్టినచో రెండు కండ్లకును పొత్తు కుదురదు. కుడికంటిని మూసికొని, ఎడమకంటితోనే కాలక్షేపము చేయు దినములవి. సెలవులకు బెంగళూరినుండి వచ్చిన మా మనుమడు బీరువా అడుగున వెదకి, వాని తండ్రి కళాశాలలో చదువునాడు కొన్న ప్లేస్టేషన్ పోర్టబుల్ అను చేతిపెట్టెను పైకి తీసెను. దానిలోని ఆటలలో నొకటి నాకు చూపి, “తాతా, ఇందులో కొట్టుకోవడాలు లేవు, నువ్వు కూడా ఆడొచ్చు” అనెను.

ఎకోక్రోమ్ అను ఈ ఆటను 2008లో సోనీవారి జపాన్ స్టూడియో వెలువరించినది. జున్ ఫుజికి అను జపాను కళాకారుడు కల్పించిన ఓ.ఎల్.ఈ. కోఆర్డినేట్ సిస్టమ్ అను గణనపద్ధతి దీనికి మూలము. జపానులో దీని పేరు ముగెన్ కైరో. అంతులేని నడవ యని అర్థము. తెర నాలుగంగుళములకు కొంచెము పైబడి యుండును. దానినిండ తెలుపు. ఆ తెలుపునడుమ నల్లనిగీతలతో గీచిన మెట్లు, దూలములు, స్తంభములు తేలుచుండును. ఆకాశము లేదు, నేల లేదు, చెట్టు చేమ లేదు. చిత్రకారులు నమూనాకొఱకు బల్లపై నుంచుకొను కీళ్లబొమ్మవంటి తెల్లబొమ్మ యొకటి ఆ దూలములపై తనంత తాను నడచును. అక్కడక్కడ దానివంటివే నీడబొమ్మలు నిలిచియుండును. వానికి ప్రతిధ్వనులని పేరు. మన బొమ్మ వానినన్నిటిని చేరవలయును. హిడెకి సకమోటో కూర్చిన తంత్రీవాద్యముల సంగీతము వెనుక వినబడుచుండును. తెరపై రంగు లేని లోటును అది కొంత తీర్చును.

బొమ్మ కాళ్లు మన చేతిలో లేవు. ఎడమకు పొమ్మనుటకు గాని కుడికి రమ్మనుటకు గాని మీట లేదు. మనము త్రిప్పగలిగినది దాని లోకమును మాత్రమే. ఆ లోకమునకు అయిదు శాసనములు కలవు. ఆట తొలుతనే వానిని చదివి వినిపించును. విడివిడిగానున్న రెండు దారులు మనము చూచు కోణమునుండి కలిసినట్లు కనబడినచో అవి కలిసినట్లే. ఒకటి మరియొకదానిపైనున్నట్లు కనబడినచో, పైనుండి జారిన బొమ్మ క్రిందిదానిపైననే పడును. నిజముగా అది ఎంత యెడముగ నున్నను సరియే. నడుమ త్రెగిన దారిని ఒక స్తంభము చాటున కుంచి, ఇరుప్రక్కలును అతికినట్లు కనబడజేసినచో త్రెగుడు లేనట్లే. దారిలో బొక్క యున్నదా? దానిని దేనిచాటుననైన మరుగుపరుపుడు, బొక్క లేదు. ఎగురు చోటునుండి ఎగిరిన బొమ్మ, కంటికి దాని క్రింద ఏది కనబడునో దానిపైననే దిగును.

ఇది విన్నంతనే నాకు మయసభ తలంపునకు వచ్చెను. దుర్యోధనుడు నీటిని నేల యనుకొని అడుగుపెట్టి తడిసెను. నేలను నీరనుకొని వస్త్రమును పైకెత్తి పట్టెను. అక్కడ పొరబడినది కన్ను. నీరు మాత్రము నీరుగానే యుండి తడిపినది. ఈ ఆటలో నేలవలె కనబడిన నీరు నేలయే యగును. దుర్యోధనుడు ఇందులో నడచినచో తడియడు, ద్రౌపది నవ్వుటకు సందు దొరకదు, భారతయుద్ధమునకు ఒక కారణము తగ్గును. దృష్టిభ్రమపై కట్టిన ఆట యని దీనిని పిలుచుట వాడుక. నా మట్టుకు ఇందులో భ్రమ యనునదే లేదు. భ్రమ అనవలెనన్న కంటి వెనుక వేరొక నిజముండి, అది కంటిని కాదనవలెను. ఇచ్చట కాదనువాడు లేడు. కన్నే కరణము, కన్నే మునసబు.

ఇట్టి వింతబొమ్మలకు చరిత్ర కలదు. స్వీడనువాడైన ఆస్కార్ రాయ్టర్స్‌వార్డ్ 1934లో, పదునెనిమిదేండ్ల వయసున, తొమ్మిది ఘనములను పేర్చినట్లు ఒక త్రిభుజమును గీచెను. కాగితముపై అది చక్కగా కూడును. కొయ్యతో చేయబోయిన కూడదు. 1958లో ఇంగ్లండున లయొనెల్ పెన్‌రోజ్, ఆయన కుమారుడు రోజర్ పెన్‌రోజ్ అట్టి త్రిభుజమును, ఎంత యెక్కినను మొదటికే వచ్చు మెట్లవరుసను ఒక మనస్తత్త్వశాస్త్ర పత్రికలో ప్రకటించిరి. ఆ రోజర్‌గారికే వేరొక పరిశోధనకు 2020లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమానము వచ్చినది. డచ్చి చిత్రకారుడు ఎషర్ 1960లో ఆ మెట్లపై సన్న్యాసులను నడిపించెను. 1961లో ఆ త్రిభుజమును ఆధారముగ గొని, పడిన నీరు మరల పైకే చేరు జలపాతమును చిత్రించెను. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున 1999లో 13.5 మీటర్ల యెత్తున ఈ త్రిభుజమునకు లోహశిల్పము నిలిపిరి. తగినచోట నిలిచి చూచిననే అది త్రిభుజము. ప్రక్కకు నడచినచో ఎటో పోవు మూడు దూలములు.

అంతదూర మేల? తంజావూరు ప్రాంతపు మన తెలుగు కుటుంబములవారు దారాసురము ఐరావతేశ్వరాలయములో ఎద్దునకును ఏనుగునకును ఒక్కటే తలగా చెక్కిన శిల్పమును చూచియే యుందురు. ఒకమేనిని అరచేతితో మూసినచో ఎద్దు. మరియొకమేనిని మూసినచో ఏనుగు. మూసిన మేను లేనట్లే! జపానువారి నాలుగవ శాసనము మన శిల్పులకు తెలియనిది కాదు.

అయినను శిల్పమునకును చిత్రమునకును ఒక హద్దు కలదు. ఎషర్‌గారి సన్న్యాసులు ఎక్కుచునే యుందురు. చూచువాడు వారికొఱకు చేయగలిగినదేమియు లేదు. అబ్బురపడి ప్రక్క చిత్రమునకు పోవలసినదే. ఎకోక్రోమ్‌లో అబ్బురపడి ఊరకున్నచో బొమ్మ బొక్కలో పడును. చూచుటయే చేయుట యైనది. ఈ ఆటకు కళలలో నొక స్థానము కలదని నేను వాదించుట ఇందుచేతనే.

తెర పలక. పలకపైకి దింపినపుడు వస్తువుల లోతు పోవును. దూరపువస్తువు చిన్నదిగా కనబడు నియమమును ఇందులో విడిచినందున, దవ్వుననున్న దూలమును దాపుననున్న దూలమును ఒక్కమందమునే యుండి, అంచులు తాకగానే అతుకుకొనిపోవును. రెండు కండ్లు కలిసి దూరమును కొలుచును. ఒంటికంటివానికి ఆ కొలత చాలవరకు లేదు. నేను కుడికన్ను మూసి ఆడినపుడు తెర పలకయన్న సంగతియే మరచిపోయి, దూలములు నిజముగా లోనికి పొడుచుకొనిపోవుచున్నట్లు తోచెను. మా మనుమనికంటె నేనే కొన్నిచోట్ల ముందుగా దారి కనిపెట్టితిని. వాడు కొంత చిన్నబుచ్చుకొనెను.

మూడవ శాసనము మాత్రము నన్ను కుదురుగ నుండనీయలేదు. స్తంభము చాటున త్రెగుడు మరుగుపడి బొమ్మ నిబ్బరముగ దాటిపోవునపుడెల్ల నాకొక అవ్వ జ్ఞాపకము వచ్చుచుండెను. ముప్పదియేండ్ల నాటి మాట. అప్పుడు నేనొక తాలూకా కచేరి రికార్డు రూములో నుంటిని. తన చేనికి పోవు బండిదారిలో వంక యడ్డముగ నున్నదనియు, మోరీ వేయింపవలెననియు ఆమె అర్జీ పెట్టుకొనెను. రెండు గ్రామముల పటములు తీసి బల్లపై అంచునకు అంచు చేర్చితిని. ఒక పటములో హద్దువరకు వచ్చిన దారి, రెండవ పటములో హద్దునుండియే సాగినది. దారముతో కుట్టినట్లు కలిసినది. దారి యవిచ్ఛిన్నముగ నున్నది, పని యవసరము లేదని దాఖలు వ్రాసితిని. అధికారి సంతకమైనది. ఆ వంక సరిగా హద్దువెంబడి పారును. రెండు పటముల అంచులమడతలో అది మరుగుపడినది. అవ్వ మూడుమార్లు వచ్చెను. మూడవమారు బల్లపైని పటములను చూచి, “నాయనా, నువ్వు కాయితం మీద దాటినావు. నేను వంక దాటల్ల గదా” అనెను. తప్పు నాదని యొప్పుకొని మరల తనిఖీ వేయించునప్పటికి రెండు వానకాలములు గడచిపోయెను.

ఆటను తప్పుపట్టుటకు ఈ సంగతి చెప్పలేదు. కనబడనిది లేదు అను శాసనము ఆటలో అన్యాయము కాదు. ముందే చదివి వినిపించిరి, బొమ్మకును మనకును అది యొక్కటే, త్రెగుడును మరుగుపరచినందుకు ఫలము దాటినవానికే దక్కును. నేను చాటుచేసితిని, దాటవలసినది అవ్వ.

దీనికి తలక్రిందైన శాసనము గూడ మన కుటుంబములకు క్రొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు పాత బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు అటు పోయినవి. బళ్లారి మొదలగునవి మైసూరులో చేరినవి. చేనికి చేను ఆనుకొనియున్నచోట పటముపై గీత పడినది. మా మేనత్త రాయదుర్గమున, మేమిక్కడ. అటుపిమ్మట మా నాయన బస్సులో పోవునపుడు ఆ గీత ఎక్కడ వచ్చునోయని కిటికీలోనుండి వెదకెడివాడట. ఎన్నడును కనబడలేదని చెప్పెడివాడు.

ఇక దోషములు. బొమ్మ నడక మరీ నిదానము. దారి మనకు తెలిసిన పిమ్మట అది చేరువరకు కాచియుండుట విసుగు. చివరి చిక్కులలో ఆలోచనకంటె వ్రేళ్లపని హెచ్చు. వీనిని క్షమింపవచ్చును. క్షమింపరాని దోషమొకటి కలదు. ఒక్కొక్కప్పుడు దారులు కలిసినట్లు కంటికి స్పష్టముగ నున్నను యంత్రము ఒప్పుకొనదు. వెండ్రుకవాసి త్రిప్పినగాని బొమ్మ అడుగు వేయదు. వేరొక ఆటలో నైనచో ఇది చిన్నలోపము. కన్నే శాసనమని చాటిన ఆటలో ఇది మాట తప్పుట. కనబడినచో అని శాసనము చెప్పినది. ఎవరికి కనబడినచో అని చెప్పలేదు. వినోదమునకు ఒకనాడు మంచికంటిని మూసి, మబ్బుకంటితో చూచితిని. నా కుడికంటికి దారులన్నియు కలిసియే యుండెను, బొక్క యొక్కటియు లేదు. బొమ్మ మాత్రము పడిపోయెను.

మనుమడు తన ఫోనులో మాన్యుమెంట్ వ్యాలీ అను మరియొక ఆటను గూడ చూపెను. అది లండనులోని అస్‌టూ గేమ్స్‌వారు 2014లో వెలువరించినది, ఎషర్ మార్గమే. ఐడా యను రాకుమారి, గోపురములు, సంధ్యారాగములు, కండ్లకు పండుగ. సౌందర్యమున ఎకోక్రోమ్ దానికి సరిరాదు. కాని అందులో పడుట యనునది లేదు; రాకుమారిని వ్రేలు పట్టుకొని నడిపించినట్లుండును. త్రిప్పదగినవానికి పిడులమర్చి ముందే చూపియుంచిరి. అక్కడ నేను అతిథిని, ఎకోక్రోమ్‌లో బాధ్యుడను. ముసలితనమున అతిథిగా నుండుటయే సుఖమని మా యింటిది అనును. ఆమె ఆ రాకుమారి ఆటను రెండు దినములలో ముగించినది.

ఆ చేతిపెట్టెల తయారీ 2014లోనే ఆగిపోయినది. 2021లో జపాన్ స్టూడియో గూడ సోనీవారి వేరొక శాఖలో కలిసినది. కనుక ఆ చేతిపెట్టెపైననే ఎకోక్రోమ్‌ను చూడదలచినవారు పాతసామానుల అంగళ్లలోనో, కొడుకుల బీరువాలలోనో వెదకవలెను. మా మనుమడు బెంగళూరు పోవుచు పెట్టెను నాయొద్దనే విడిచిపోయెను. ఒక చిక్కులో చివరి నీడబొమ్మ యొకటి స్తంభము వెనుక మిగిలియున్నది. దారి నాకు దొరికినది గాని ముగింపలేదు. వచ్చు నెలలో కుడికంటికి గూడ శుక్లము తీయుదురు. రెండు కండ్లు తెరచి చూచినపుడు ఆ దూలములు కలియునో లేదో చూడవలయునని అట్లే యుంచితిని.