పద్నాలుగు సాళ్లకు ఒక బంతి సాలు

గుర్రంకొండ నుంచి మదనపల్లె మీదుగా పుంగనూరు దాకా రైతు ముందు తలిచేది టమాటానే. బంతి గుర్తొచ్చేది పండగకు. దసరా తోరణానికి, సంక్రాంతి గొబ్బెమ్మల మీదికి పువ్వు కావాలంటే మూడు నెలల ముందే విత్తనం పడాలని మనవాళ్లకు తెలుసు. నాటిన నెల దాటాక తల తుంచితే పక్క కొమ్మలొచ్చి పూలు ఎక్కువవుతాయనీ తెలుసు. కుప్పం వైపు రైతులైతే బంతి, చామంతుల్లో ఆరితేరారు, బెంగళూరు పూల మార్కెట్టు వాళ్లకు దగ్గర. అదే బంతి టమాటా మడిలో చేసే పని గురించి మాత్రం చెప్పాల్సినంత చెప్పుకోలేదు.

టమాటాకు కాయతొలిచే పురుగు పెద్ద శత్రువు. శనగపచ్చ పురుగన్నా అదే. తల్లి రెక్కలపురుగు వందల గుడ్లు ఒక్కొక్కటిగా పెడుతుంది. పిల్లపురుగు కాయలో తల దూర్చి సగం ఒళ్లు బయట పెట్టుకుని తింటుంది. లోపలికి పోయాక ఏ మందూ దానికి సరిగా తగలదు. ఆ తల్లికి టమాటా కంటే బంతి మొగ్గ, పువ్వు ఎక్కువ ఇష్టం. దీన్ని పట్టుకునే 1990ల్లో హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఒక పద్ధతి తేల్చారు. పద్నాలుగు సాళ్ల టమాటాకు ఒక సాలు పొడుగు ముద్దబంతి నాటాలి. అది ఎర పంట.

కిటుకంతా నారు వయసులో ఉంది. టమాటా నారు 25 రోజులది, బంతి నారు 45 రోజులది, రెండూ ఒకే రోజు నాటాలి. అప్పుడే టమాటా పూతకొచ్చే వేళకు బంతి కూడా మొగ్గ తొడిగి ఉంటుంది. రెండు నార్లూ ఒకే వయసువి నాటితే పురుగు వచ్చేసరికి బంతిలో ఆకు తప్ప ఏమీ ఉండదు, గుడ్లన్నీ టమాటా మీదే పడతాయి. చాలాచోట్ల ఈ పద్ధతి పనిచెయ్యలేదన్న మాటకు కారణం ఇదేనని నా నమ్మకం. పూల కోసం తల తుంచే అలవాటును ఎర సాలులో మానుకోవాలి. తుంచితే పూత వెనక్కి పోతుంది.

ఇంకొక జాగ్రత్త. బంతి సాలును నాటి వదిలేస్తే అది పురుగుల పెంపకానికే పనికొస్తుంది. పూలు ఎప్పటికప్పుడు కోయాలి, గుడ్లూ పురుగులూ కనిపిస్తే ఏరి చంపాలి. అమ్మకానికి పూలు కోసే ఆడవాళ్ల చెయ్యే ఇక్కడ సగం మందు. మిగిలిన పురుగుకు ఎన్‌పీవీ అనే, పురుగును చంపే వైరస్ ద్రావణం సాయంత్రం పూట కొట్టాలి, ఎండకు ఆ వైరస్ చచ్చిపోతుంది.

నేల కింద బంతి చేసే మేలు వేరు. వేళ్లలోని ఆల్ఫా టెర్థయినిల్ అనే పదార్థం నులిపురుగులను చంపుతుంది. టమాటా వేళ్లకు బుడిపెలు కట్టే పురుగులివే. అయితే ఈ మేలుకు ఒక్క సాలు చాలదు. బుడిపెలు పట్టిన మడిలో టమాటాకు ముందు ఒక కారు పూర్తిగా బంతే వెయ్యాలి. ఏటా టమాటా మీద టమాటా వేసే మన నేలలకు ఆ విరామం ఎంతో అవసరం. ఆకుముడత తెచ్చే తెల్లదోమను బంతి ఆపుతుందని మాత్రం ఆశపడొద్దు.

బంతి, టమాటా రెండూ సముద్రాలు దాటి వచ్చినవే. టమాటాను మచ్చిక చేసింది మెక్సికోలో, బంతి పుట్టిల్లూ అదే. అక్కడ పెద్దలను తలుచుకునే పండక్కి ఇప్పటికీ సమాధుల మీద బంతిపూలు పరుస్తారు.

ఇప్పుడు నారు చాలామంది నర్సరీల నుంచి ట్రేలలోనే తెచ్చుకుంటున్నారు. ఈ కారుకు టమాటా నారు చెప్పడానికి 20 రోజుల ముందే బంతి నారు చెప్పి ఉంచండి.