ఈ ఏడు కొత్త బొమ్మేంది?

దసరా దగ్గరపడితే ప్రొద్దుటూరులో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లల్లో ఒకటే ప్రశ్న: ఈ ఏడు కొత్త బొమ్మేంది? ఏటా ఒక్కటైనా చేర్చాలన్నది ఆనవాయితీ. కోస్తాలో చాలామంది సంక్రాంతికి కొలువు తీరిస్తే, మన సీమలో అమ్మవారి నవరాత్రులే దానికి కాలం.

'ద సిమ్స్' అనే కంప్యూటర్ ఆట ఆడేవాళ్లదీ అదే ఆత్రం, తర్వాతి భాగంలో కొత్తగా ఏమొస్తుందని. అమెరికాలోని ఓక్లాండ్‌లో 1991లో చెలరేగిన మంటల్లో ఇల్లు కాలిపోయి, ఒక్కో సామానూ మళ్లీ సమకూర్చుకునేటప్పుడు దాని రూపకర్త విల్ రైట్‌కు తట్టిన ఆలోచన, 2000లో ఆటగా వచ్చింది. ఇల్లు కట్టడం, కాపురాలు నడపడం, అంతే. 2004 నాటి రెండో భాగంలో మనుషులకు వయసు మీదపడింది, తల్లిదండ్రుల పోలికలు పిల్లలకు దిగాయి. అది అసలైన కొత్తదనం. 2014లో నాలుగో భాగం వచ్చేసరికి మాత్రం ఈతకొలనులు లేవు, తప్పటడుగుల పిల్లలూ లేరు. కొలనులు ఆ ఏడే తిరిగొచ్చినా, పిల్లల కోసం 2017 దాకా ఆగాల్సి వచ్చింది.

కొలువులో పాతది పోదు. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి: మూడు, ఐదు, ఏడు, తొమ్మిది. ట్రంకుపెట్టెలూ బల్లలూ పేర్చి తెల్లపంచె పరుస్తారు. పైమెట్టున కలశం, ఎర్రచందనంతో చెక్కిన మరపాచి దంపతులు. ఆ చెట్టు మన పాలకొండల్లో పెరిగేదే. తర్వాత దేవుళ్లు, వాళ్ల కింద వేమన, వీరబ్రహ్మం వంటివాళ్లు. ఇంకా దిగితే పెళ్లి ఊరేగింపు, అంగడిలో శెట్టి దంపతులు, తెల్లపొణికి కొయ్యతో చేసిన కొండపల్లి బొమ్మలు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది నేలమీద కట్టే ఊరు. తడిమట్టిలో ఆవాలు, మెంతులు ముందే చల్లితే పండగ నడుమకు పైరు లేస్తుంది. పళ్లెంలో నీళ్లు పోస్తే చెరువు. జమ్మలమడుగులోనైతే అదే పెన్న. రెండు పక్కలా రాళ్లు నిలబెడితే గండికోట లోయ. పులివెందుల పిల్లలు చీనీతోట నాటుకోవచ్చు, అరటిగెలల లారీ నిలపొచ్చు.

నేర్పంతా కొత్త బొమ్మకు చోటివ్వడంలో ఉంది. బస్సు కొన్నారనుకోండి. దానికి దారి కావాలి, దారి కోసం అంగడి పక్కకు జరగాలి, పోయినేడు సంతకు నడిచిపోయిన బొమ్మ ఈసారి బస్సు కోసం నిలబడుతుంది. రంగు వెలిసిన అవ్వను పారేయరు, అరుగుమీద కూర్చోబెడతారు. పేరంటానికి వచ్చినవాళ్లు తాంబూలం, గుగ్గిళ్లు అందుకునే లోపే కొత్తదేదో కనిపెట్టి, దాని కథ అడుగుతారు. ఆ కథ చెప్పాల్సింది పిల్లలు. ఆటల తయారీదారులు తర్వాతి భాగంలో వంద వస్తువులు పెట్టే బదులు, ఉన్న మనుషులందరినీ కదిలించే వస్తువు ఒక్కటి పెట్టినా నాకు చాలు.

మైలవరం మండలంలో సోలార్ పార్కు వచ్చింది. జమ్మలమడుగు పిల్లలు ఈ దసరాకు అట్టముక్కలకు వెండిరంగు కాగితం అంటించి పలకలు నిలబెట్టాలని నా కోరిక. ఇన్నాళ్లూ ఆ జాగాలో మేసిన గొర్రెలమందను ఎటు తోలాలో కూడా వాళ్లే తేల్చాలి.