వంతు దాటని బిల్డ్

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఎవరైనా ఒక మార్పు పంపగానే ఎక్కడో డేటా సెంటర్‌లో ఒక కొత్త యంత్రం లేస్తుంది. కోడ్ మొత్తం తెచ్చుకుంటుంది, కంపైల్ చేస్తుంది, టెస్టులు నడుపుతుంది, పచ్చ టిక్కో ఎర్ర గుర్తో పెట్టి మాయమవుతుంది. కంటిన్యువస్ ఇంటిగ్రేషన్, పొట్టిగా సీఐ అంటే ఇదే. చాలా ప్రాజెక్టులు ఆ యంత్రానికి అద్దె కట్టవు. సీఐ సేవ నడిపే కంపెనీయే ఉచితంగా ఇస్తుంది. ఉచితం కాబట్టి గడువు పెడుతుంది. గడువు తీరేలోగా పని పూర్తి కాకపోతే, కోడ్‌లో ఒక్క తప్పూ లేకపోయినా గుర్తు ఎర్రగానే పడుతుంది. ఆ గడువులో ఒదిగే విద్యను ప్రాజెక్టుల్ని చూసుకునే మెయింటెయినర్లు ఒకరి కాన్ఫిగరేషన్ ఫైలు చూసి ఇంకొకరు రాసుకుంటూ పెంచుకొచ్చారు. అది కొత్త ఫీచర్ రాయడానికి ఏమాత్రం తీసిపోని పనితనం. అయినా ఏ విడుదల ప్రకటనలోనూ దాని ఊసు కనపడదు.

ఈ గడువు బాధ అందరికీ తెలిసొచ్చింది ట్రావిస్ సీఐ రోజుల్లో. 2011లో బెర్లిన్‌లో మొదలైన ఈ సేవ గిట్‌హబ్‌లో ఉన్న ఏ బహిరంగ ప్రాజెక్టుకైనా ఉచితంగా బిల్డ్ నడిపిపెట్టేది. అంతకు ముందు సీఐ కావాలంటే సొంత సర్వర్ పెట్టుకుని హడ్సన్‌నో జెంకిన్స్‌నో కాపు కాయాల్సి వచ్చేది. ట్రావిస్ వచ్చాక చిన్న లైబ్రరీ రాసుకునే మనిషికి కూడా ఒక్క ఫైలుతో ఆ సౌకర్యం అందింది. షరతులు రెండు ఉండేవి. ఉచిత ప్రాజెక్టుల్లో ఒక్కో జాబ్ 50 నిమిషాలు దాటకూడదు. 10 నిమిషాల పాటు లాగ్‌లో ఒక్క అక్షరమూ పడకపోతే జాబ్ ఎక్కడో ఇరుక్కుందని తీర్మానించి ట్రావిస్ చంపేసేది. విండోస్ బిల్డ్‌ల కోసం చాలామంది వాడిన ఆప్‌వేయర్‌లో గడువు 60 నిమిషాలు. రూబీ, జావాస్క్రిప్ట్ వాళ్ళకు ఇంత సమయం అక్కర్లేదు. సీ ప్లస్ ప్లస్, హాస్కెల్ వాళ్ళకు, ఫోర్ట్రాన్ కలిసిన సైన్స్ లైబ్రరీల వాళ్ళకు మాత్రం ఆ 50 నిమిషాలతో రోజూ గొడవే.

రెండో షరతుకు విరుగుడు తొందరగానే దొరికింది. ట్రావిస్ వాళ్ళే ట్రావిస్_వెయిట్ అనే ఆదేశం ఇచ్చారు. దాన్ని ముందు తగిలిస్తే, మౌనంగా నడిచే ప్రోగ్రామ్‌కు మామూలుగా 20 నిమిషాల వరకు సెలవు దొరికేది. అదీ చాలనివాళ్ళు తొమ్మిది నిమిషాలకోసారి “ఇంకా నడుస్తోంది” అని లాగ్‌లో రాసే చిన్న లూప్‌ను వెనకాల వదిలేవారు. ఈ కిటుకు మీద నాకు మొదటినుంచీ గౌరవం లేదు. మౌనానికి గడువు పెట్టడంలో న్యాయం ఉంది. లాక్ దగ్గర నిజంగా చిక్కుకుపోయిన టెస్ట్ కూడా ఈ లూప్ పుణ్యమా అని గడువు చివరిదాకా యంత్రాన్ని పట్టుకుని కూర్చుంటుంది. దానికంటే ప్రతి టెస్ట్ మొదలైనప్పుడు దాని పేరు అచ్చు వేయించడం మేలు. మౌనమూ ఉండదు, ఇరుక్కుపోతే ఎక్కడ ఇరుక్కుందో లాగ్‌లో చివరి వరుసే చెబుతుంది. డెబియన్ బిల్డ్ యంత్రాల్లో కూడా ఇలాంటి మౌనపు గడువు ఉంది, మామూలుగా 150 నిమిషాలు. అంత ఓర్పు ఉన్న చోట కూడా, కదలిక లేని బిల్డ్‌ను అలాగే వదిలేయకూడదన్న నియమం మాత్రం మారలేదు.

ఈ గడువుల్ని చెరువు కింద రైతుకు వచ్చే నీటి వంతులా చూడాలి. వంతు చిన్నదైనా కింది మడి దాకా నీళ్ళు అందాలన్నదే దాని లెక్క. ఈ లెక్క తప్పితే ఏమవుతుందో 2020–21లో చూశాం. క్రిప్టో కరెన్సీ తవ్వేవాళ్ళు ఉచిత సీఐ యంత్రాల మీద పడ్డారు. పుల్ రిక్వెస్ట్ రూపంలో తవ్వకపు ప్రోగ్రామ్ పంపితే చాలు, ఎవరి యంత్రమో వాళ్ళ కోసం కష్టపడేది. దాంతో 2021లో గిట్‌హబ్ ఒక నిబంధన పెట్టింది: మొదటిసారి మార్పు పంపేవాళ్ళ జాబ్‌లు నడవాలంటే మెయింటెయినర్ అనుమతి ఉండాలి. గిట్‌ల్యాబ్ కొత్త ఉచిత ఖాతాల్ని క్రెడిట్ కార్డ్ చూపించమంది. ట్రావిస్ పాత ఉచిత సేవ 2021 జూన్‌లో మూతపడింది. దుర్వినియోగం లేని చోట కూడా ఖర్చు ఖర్చే. ఫ్రీడెస్క్‌టాప్ ప్రాజెక్టుల గిట్‌ల్యాబ్‌కు ఏడాదికి దాదాపు 75 వేల డాలర్లు అవుతుందని, దాతలు దొరక్కపోతే సీఐ ఆపాల్సి రావచ్చని ఎక్స్.ఆర్గ్ ఫౌండేషన్ 2020 ఫిబ్రవరిలో బహిరంగంగా చెప్పింది. మన లైనక్స్ కంప్యూటర్ల గ్రాఫిక్స్ డ్రైవర్లు తయారయ్యేది అక్కడే.

2019 నవంబర్‌లో అందరికీ అందుబాటులోకి వచ్చిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఒక్కో జాబ్‌కు ఆరు గంటల గడువు ఉంది. బాధ తీరిందనుకున్నారు చాలామంది. కానీ ఉచిత ఖాతాకు ఒకేసారి నడిచే జాబ్‌లు 20 మాత్రమే. నాలుగు పైథాన్ వెర్షన్లు, మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, రెండు కంపైలర్లు అని మ్యాట్రిక్స్ రాసుకుంటే 24 జాబ్‌లవుతాయి. ఒక్కోటి గంట నడిస్తే రెండో మనిషి పంపిన మార్పు మొదలవడానికే గంట పడుతుంది. గడియారం దగ్గర తీరిన ఇబ్బంది క్యూలో మళ్ళీ ఎదురైంది. కెంట్ బెక్ తన ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పుస్తకం 2004 కూర్పులో బిల్డ్, టెస్టులు కలిపి పది నిమిషాల్లో ముగియాలన్నాడు. ఎక్కువసేపు పట్టే బిల్డ్‌ను జనం తక్కువసార్లు నడుపుతారన్నది ఆయన అనుభవం. సేవ ఇచ్చే కంపెనీ ఆరు గంటలిచ్చినా మనిషి ఓపిక అంతదాకా సాగదు.

ఇక పనితనం విషయానికొస్తే, మొదట చేయాల్సింది కొలత. పైటెస్ట్‌లో డ్యూరేషన్స్ అనే ఐచ్ఛికం, కార్గోలో టైమింగ్స్, క్లాంగ్‌లో టైమ్-ట్రేస్ ఉన్నవి ఇందుకే. కొలిచి చూస్తే ఎక్కువసార్లు తేలేది ఒకటే: సమయం తినేది మన కోడ్ కాదు, మనం ఆధారపడ్డ లైబ్రరీలను ప్రతిసారీ మొదటినుంచి కట్టుకోవడం. అవసరం లేకపోయినా రిపాజిటరీ చరిత్ర మొత్తం దించుకోవడం ఇంకో దండుగ.

కట్టిందే మళ్ళీ కట్టకుండా ఉండడానికి కాష్ కావాలి. సాంబా, ఆర్‌సింక్‌లు రాసిన ఆండ్రూ ట్రిడ్జెల్ రెండు దశాబ్దాల కిందట సీకాష్ అనే చిన్న సాధనం రాశాడు. కంపైలర్ ఏది, దానికిచ్చిన ఐచ్ఛికాలేమిటి, ప్రీప్రాసెసర్ దాటాక సోర్స్ ఎలా ఉంది, ఈ మూడింటికీ కలిపి ఒక హ్యాష్ కడుతుంది. అదే హ్యాష్ ఇంతకుముందు వచ్చి ఉంటే కంపైలర్‌ను పిలవకుండా పాత ఫలితాన్నే ఇస్తుంది. మొజిల్లా వాళ్ళ ఎస్‌సీకాష్ ఇదే ఆలోచనను రస్ట్ భాషకూ, క్లౌడ్ నిల్వకూ విస్తరించింది. ప్రతి జాబ్‌కూ ఖాళీ యంత్రం వచ్చే సీఐలో ఈ కాష్‌ను ఒక జాబ్ దాచిపెట్టి పోవాలి, తరవాతి జాబ్ తీసుకోవాలి.

అసలు చిక్కు కాష్ ఖాళీ అయిన రోజున వస్తుంది. కంపైలర్ కొత్త వెర్షన్‌కు మారిందనుకోండి. హ్యాష్‌లన్నీ మారిపోతాయి. 20 నిమిషాల్లో అయ్యే బిల్డ్‌కు రెండు గంటలు కావాలి. ట్రావిస్ 50వ నిమిషంలో చంపేసేది. చంపేస్తే కాష్ దాచే అడుగు దాకా జాబ్ రాదు, కాబట్టి కట్టిందంతా పోయేది. మళ్ళీ నడిపితే మళ్ళీ సున్నా నుంచి. ఎన్నిసార్లు నొక్కినా తెమలని జాబ్ అది. దీనికి హాస్కెల్ లాంటి బరువైన భాషల వాళ్ళు వాడిన ఉపాయం నాకు ఈ సంప్రదాయం మొత్తంలో అన్నిటికంటే ఇష్టం. లైనక్స్‌లో అందరి దగ్గరా ఉండే టైమవుట్ ఆదేశంతో బిల్డ్‌ను 40వ నిమిషంలో తామే ఆపేశారు. మిగిలిన పది నిమిషాల్లో అప్పటిదాకా కట్టింది కాష్‌లోకి చేరుతుంది. ఆ జాబ్‌కు ఎర్ర గుర్తే వస్తుంది, పర్వాలేదు. మళ్ళీ నడిపితే ఆగిన చోటి నుంచి సాగి, మూడోసారికో నాలుగోసారికో పచ్చబడుతుంది. ఓడిపోయే జాబ్ కూడా తరవాతి దానికి ఏదో మిగిల్చి పోవాలన్న ఆలోచన ఇది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఇది ఇప్పటికీ పనికొస్తుంది. అక్కడ కాష్ యాక్షన్ మామూలుగా జాబ్ నెగ్గితేనే దాస్తుంది. దాచే అడుగును విడదీసి “ఎప్పుడైనా సరే నడువు” అని షరతు రాయాలి.

కాష్‌ను గుడ్డిగా నమ్మకూడదు. ఏ కాష్ తీసుకోవాలో చెప్పే తాళంచెవి (కీ)లో, లైబ్రరీల వెర్షన్లు రాసి ఉండే లాక్ ఫైలు హ్యాష్, కంపైలర్ వెర్షన్ రెండూ ఉండాలి. లేకపోతే పాత సరుకుతో కొత్త కోడ్‌కు పచ్చ టిక్కు పడుతుంది. వారానికోసారి కాష్ లేకుండా పూర్తి బిల్డ్ నడిపే ప్రాజెక్టులు తెలివైనవి.

మళ్ళీ మళ్ళీ కట్టేవాటిని తగ్గించాక, ఇప్పుడు నడపక్కర్లేనివేమిటో ఆలోచించాలి. ఎస్‌క్యూలైట్ వాళ్ళు ఇందులో ఆరితేరారు. వాళ్ళ టెస్టులు మొత్తం నడవడానికి గంటలు పడుతుంది. అందుకని వెరీక్విక్ అనే పొట్టి వరసను విడదీసి పెట్టుకున్నారు. కొన్ని నిమిషాల్లో ముగిసే ఆ వరస ప్రతి చెకిన్ ముందూ నడుస్తుంది, చాలా తప్పుల్ని అదే పట్టేస్తుంది. సైపై కూడా నిదానంగా నడిచే టెస్టులకు స్లో అని గుర్తు పెట్టి పక్కన ఉంచుతుంది. డాక్యుమెంటేషన్ మాత్రమే మారితే కంపైల్ జాబ్‌లు లేవకుండా ఫైలు దారుల షరతు పెట్టొచ్చు. ఒకే పుల్ రిక్వెస్ట్‌కు కొత్త కమిట్ వస్తే, పాత కమిట్ మీద నడుస్తున్న జాబ్‌ను రద్దు చేయించొచ్చు. రెండింటికీ కలిపి పది వరుసల పని. టెస్టుల్ని ముక్కలుగా పంచి నాలుగు యంత్రాల మీద ఒకేసారి నడపడం గురించి అందరూ ఉత్సాహంగా చెబుతారు. గడియారం తగ్గేమాట నిజమే, కానీ వాడిన యంత్రాల సమయం తగ్గదు, ఒక్కోదాని ఏర్పాటు ఖర్చు కలిసి ఇంకా పెరుగుతుంది.

ఒక్క మనిషి చేతిలో లేని పరిష్కారం చూడాలంటే రస్ట్ దగ్గరికి వెళ్ళాలి. ప్రధాన శాఖ ఎప్పుడూ అన్ని టెస్టులూ నెగ్గే స్థితిలోనే ఉండాలన్న నియమాన్ని ఆ భాషను మొదలుపెట్టిన గ్రేడన్ హోర్ స్థిరపరిచాడు. బోర్స్ అనే బాట్ ఒక్కో మార్పునూ ప్రధాన శాఖతో కలిపి, పలు వేదికల మీద పరీక్షించి, నెగ్గితేనే చేరుస్తుంది. పరీక్షకు గంటలు పడుతుంది. మూడు గంటలనుకుంటే రోజుకు ఎనిమిదికి మించి మార్పులు చేరవు, వచ్చేవేమో అంతకంటే ఎన్నో రెట్లు. అందుకని రోలప్ పుట్టింది. చిన్న చిన్న మార్పుల్ని ఒక కట్టగా కట్టి ఒకే పరీక్షకు పంపుతారు. మాటల దిద్దుబాటు అయితే ఎప్పుడూ రోలప్‌లో వెయ్యమని గుర్తు పెడతారు, వేగాన్ని మార్చేవాటికీ ప్రమాదం ఉన్నవాటికీ ఎప్పుడూ వెయ్యొద్దని పెడతారు. కట్ట ఓడిపోతే కారణమైన మార్పును వెతికి తీసేసి, మిగతావాటిని మళ్ళీ కట్టాలి. కట్ట కట్టడం, దోషిని వెతకడం మనుషులు పూనుకుని చేస్తున్న పని. ఆ శ్రమ లేకపోతే భాష ముందుకు కదలదు.

ఎంత చేసినా ఇమడనివి కొన్ని ఉంటాయి. ప్యాకేజీలు కట్టి పంచే కొండా-ఫోర్జ్‌లో టెన్సర్‌ఫ్లో, పైటార్చ్ లాంటి ప్యాకేజీలు ఆరు గంటల గడువును దాటిపోయాయి. అప్పుడు మెయింటెయినర్లు సొంత యంత్రాల మీద కట్టి, ఎలా కట్టారో లాగ్‌లు బయటపెట్టే పద్ధతి ఏర్పరచుకున్నారు. కొన్నిసార్లు యంత్రమే మారాలి. ఆర్మ్ ప్రాసెసర్ల కోసం క్యూఈఎంయూ అనుకరణలో కంపైల్ చేసి ఎన్నో పైథాన్ లైబ్రరీలు గంటలు పోగొట్టుకున్నాయి. 2025 జనవరిలో గిట్‌హబ్ బహిరంగ ప్రాజెక్టులకు అసలైన ఆర్మ్ లైనక్స్ యంత్రాల్ని ఉచితంగా ఇవ్వడంతో ఆ అనుకరణ చాలాచోట్ల అక్కర్లేకుండా పోయింది.

ఈ పనితనం విలువ ఎక్కువగా తెలిసేది కొత్తగా వచ్చిన మనిషికి. వరంగల్లోనో కాకినాడలోనో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్ మీద ఎల్‌ఎల్‌వీఎం లాంటి పెద్ద కంపైలర్ ప్రాజెక్టు మొత్తం కట్టాలంటే యంత్రం మొరాయిస్తుంది. తన మార్పు నిలబడిందో లేదో చెప్పగలిగేది ఆ ప్రాజెక్టు సీఐ ఒక్కటే. పావుగంటలో జవాబొస్తే ఆ పూటే దిద్ది మళ్ళీ పంపుతుంది. మర్నాడు ఎర్ర గుర్తు, లోపల చూస్తే టైమవుట్ అని ఉంటే, తప్పు తనదనుకుని వెళ్ళిపోయే అవకాశం ఎక్కువ.

ఇంతా చేసిన ప్రాజెక్టులు కూడా తరచుగా వదిలేసే వరుస ఒకటుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో టైమవుట్-మినిట్స్ రాయకపోతే అది 360 అనే అర్థం. 20 నిమిషాల్లో ముగిసే జాబ్ ఒకరోజు ఇరుక్కుంటే ఆరు గంటలు యంత్రం పట్టుకుంటుంది, ఒకేసారి నడిచే ఆ 20 స్థానాల్లో ఒకటి అంతసేపూ పోతుంది. మామూలుగా పట్టే సమయానికి సగం కలిపి, 30 అని రాయాలి. కాష్ ఖాళీగా ఉన్నప్పుడు నడిచే వారపు బిల్డ్‌కు మాత్రం వేరే అంకె.