ఢావ్లో ఏడుపు పాటేనా?

మన కథల్లో లంబాడీ స్త్రీ చాలాకాలం అద్దాల రవికెగానే కనిపించింది. తండాలో అడుగుపెట్టగానే రచయిత ఫేటియా మీది కుట్టుపనినీ, చేతినిండా గాజులనూ, తీజ్ బుట్టల్లో మొలిచిన గోధుమ నారునూ వర్ణిస్తాడు. ఆమె ఏం మాట్లాడిందో మాత్రం రాయడు. రాయాలంటే గోర్‌బోలి రావాలి. ఇది శిల్పలోపం కాదు, దృక్పథలోపం.

రమేశ్ కార్తీక్ నాయక్ కథాసంపుటి ‘ఢావ్లో’కు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చాక ఈ చర్చ మళ్లీ ముందుకొచ్చింది. ఢావ్లో అంటే అత్తవారింటికి పోయే పెళ్లికూతురు అయినవాళ్లను పట్టుకొని రాగం తీసి ఏడ్చే పాట. దానికి ‘జానపద కరుణరసం’ అని పేరుపెట్టి పక్కకు జరిపే విమర్శకులున్నారు. వారితో నాకు పేచీ ఉంది.

ఆ పెళ్లిలోనే వధువు ఎద్దు మీద నిలబడి పుట్టింటిని దీవించే ఆచారం ఉంది. ఎద్దే ఎందుకు? బంజారాలకు అది ఉత్పత్తి సాధనం గనుక. పెరికెలు వేసిన ఎడ్ల మందలతో ఉప్పు, ధాన్యం మోసి మొగలు సైన్యాలకు దక్కనులో తిండి అందించినవాళ్లు వీళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో రైలు వచ్చింది, ఉప్పు మీద బ్రిటిష్ గుత్తాధిపత్యం బిగిసింది. ఎద్దుకు పని లేకుండా పోయింది. 1871 నేరస్థ జాతుల చట్టం కింద బంజారాల్లో కొన్ని సమూహాలను పుట్టుదొంగలుగా ముద్రవేశారు. ఆ చట్టం 1952 దాకా బతికింది! తిరుగుడు మాని నేలను నమ్ముకున్నవాళ్లకు ఇక్కడ దొరలు ఎదురయ్యారు. జనగామ ప్రాంతపు ధర్మాపురం లంబాడీలు సాయుధ పోరాటకాలంలో భూమికోసం నిలబడ్డారు. జాటోతు ఠానూ నాయక్ అక్కడివాడే. 1976 సవరణ చట్టం దాకా తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాకే ఎక్కలేదు. ఇంత చరిత్ర వెనకనున్న పాటను రసచర్చతో ముగిస్తే అది విమర్శ అనిపించుకోదు.

అట్లాగని గోర్‌బోలి మాట కనిపించిన ప్రతి కథనూ నెత్తికెత్తుకోనక్కరలేదు. వేషం వర్ణించి తృప్తిపడే జబ్బు తండా రచయితకూ అంటవచ్చు. మా నర్సింహులపేట వైపు తండాల్లో పెళ్లంటే ఇప్పుడు డీజే పెట్టెలు. ముసలమ్మ ఢావ్లో ఎత్తుకుంటే మనవలు ఫోన్లలో పట్టుకుంటున్నారు. ఈ మార్పూ కథకు వస్తువే.

లిపి సంగతి ఒకటుంది. గోర్‌బోలికి సొంత లిపి లేదు. మా బడిలో ఒక పిల్ల వాళ్ల నాయనమ్మ పాడిన ఢావ్లోను తెలుగు అక్షరాల్లో రాసి తెచ్చింది. రెండుచోట్ల ఏ అక్షరం పెట్టాలో తోచక ఖాళీ వదిలింది. “తెలుగు రాదు” అని ఒకటో తరగతిలో ఆ పిల్ల గురించే అన్నాం.